ఆవములో బొమ్మ పగులకుండుటెట్లు?

నిరుడు సంక్రాంతి బొమ్మలకొలువునకై మేము స్వహస్తములతో నొక గొల్లభామ బొమ్మను జేసి, కుమ్మరి యావములో కాల్పించితిమి. నిప్పు రాజుకొన్న కొంతసేపటికే యది ఫెళ్లున పగిలి, ప్రక్కనున్న నాలుగు కుండలను గూడ పగులగొట్టినది. కుండల వెల యిచ్చుకొంటిమి గాని యతని శ్రమకు వెల గట్టుటెట్లు? దోషము నిప్పుది కాదు, మా తొందరదే.

సోదరీమణులారా, పైకి ఎండినట్లున్న బొమ్మలోపల తడి దాగియుండును. వేడిమి 100 డిగ్రీల సెంటిగ్రేడు దాటగనే యా నీరు ఆవిరియై, వెలికి దారిలేక మట్టిని చీల్చును. కావున బొమ్మను గుల్లగా జేసి, గోడను వ్రేలిమందము మించనీయక, అడుగున రంధ్రముంచవలెను. మట్టిలో దంచిన పెంకులపొడి కలిపినచో ఆవిరికి దారి దొరకును. నీడలో రెండు మూడు వారములు ఆరబెట్టి చెక్కిలికి తాకించి చూడుడు. చల్లగా తోచినచో తడి యింకను ఉన్నట్లే.

ఆవములో మొదట సన్నని సెగయే తగును. 573 డిగ్రీలచెంత మట్టిలోని యిసుకరేణువుల పరిమాణము హఠాత్తుగా మారును. చల్లారువేళ గాలి సోకినచో బీటలు వారును. కనుక పూర్తిగా చల్లారువరకు ఆవమును విప్పరాదు. పిల్లలను దూరముగా నుంచుడు, కొంగు బిగించుకొనుడు. వంటపొయ్యిలో కాల్చ బూనరాదు.

ఈ యేట మా గొల్లభామ చెక్కుచెదరక వెలికివచ్చినది. “ఈసారి ఆరనిచ్చినారమ్మా!” అని కుమ్మరి నవ్వెను.