తుపాను వార్తలు: నష్టం నుంచి హెచ్చరిక వైపు

తుపాను విషయంలో వార్తా మాధ్యమాలకు రెండు పనులు ఉంటాయి. రాబోయే ప్రమాదాన్ని ముందుగా తెలియజేయడం మొదటిది. జరిగిన నష్టాన్ని ప్రజల ముందుంచడం రెండోది. కోస్తా ఆంధ్ర అనుభవాన్ని పరిశీలిస్తే, చాలాకాలం రెండో పనే వార్తగా చెలామణి అయిందని మీరు గమనిస్తారు.

1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచెత్తింది. సుమారు 30 వేల మంది మరణించారు. భారత వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. అంటే ముందుగా అచ్చువేయడానికి అప్పట్లో అధికారిక సూచన అంటూ ఏదీ లేదు.

1977 నాటికి పరిస్థితి వేరు. వాతావరణ శాఖ ఉంది, ఆకాశవాణి ఉంది, దినపత్రికలు ఉన్నాయి. అయినా నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో, అధికారిక లెక్కల ప్రకారమే, దాదాపు 10 వేల మంది చనిపోయారు. ఎందుకు? కారణాలు అనేకం. పాత్రికేయ విద్యార్థులుగా మీరు ముఖ్యంగా పట్టించుకోవలసింది హెచ్చరికల భాషను. ‘ఫలానా ఓడరేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు’ అనే వాక్యం మనందరికీ పరిచితమే. 1 నుంచి 11 వరకు ఉండే ఈ సూచికలు ప్రధానంగా ఓడల వారికోసం ఏర్పాటైనవి. గుడిసెలో రేడియో వింటున్న వ్యవసాయ కూలీకి పదో నంబరు అంటే భయం కలగవచ్చు గాని, ఏ గట్టు ఎక్కాలో, ఎప్పుడు బయల్దేరాలో తెలియదు. పైగా హెచ్చరిక గాలి వేగాన్ని చెబుతుంది, ప్రాణాలు తీసింది మాత్రం నీరు. ఇంకో సంగతి. పదకొండో సూచికకు అర్థం హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. దివిసీమలో జరిగిందీ అదే. స్తంభాలు కూలి, రోడ్లు తెగి, విపత్తు తీవ్రత బయటి ప్రపంచానికి ఆలస్యంగా తెలిసింది.

ఆ తరువాత పత్రికలు సహాయంలో భాగస్వాములయ్యాయి. ‘ఈనాడు’ పాఠకుల విరాళాలతో పాలకాయతిప్పలో ఇళ్ళు కట్టించింది. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలె పట్టి నిధులు సేకరించారు. ఇది గొప్ప సేవ, సందేహం లేదు. కాని విరాళాల వార్త ఎంత విస్తారంగా వచ్చినా, ‘హెచ్చరిక చివరి ఇంటికి ఎందుకు చేరలేదు?’ అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

1990 మే నెలలో ఇంచుమించు అంతే తీవ్రమైన తుపాను కృష్ణా డెల్టాను తాకింది. లక్షలాది మందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య సుమారు వెయ్యి. 1977తో పోల్చి చూడండి. అయితే మన జ్ఞాపకాల్లో దివిసీమకు ఉన్న స్థానం దీనికి లేదు. ఖాళీ చేయించిన ఊళ్ళో బతికి బయటపడ్డవాళ్ళు ఫొటోగ్రాఫరుకు దొరకరు మరి!

ఉత్తర హిందూ మహాసముద్రంలో తుపానులకు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. అంతకుముందు అవి దెబ్బతిన్న ప్రాంతం పేరుతో, అంటే తీరం దాటాకే, గుర్తుండేవి. ఇప్పుడు గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరి వాయుగుండం తుపానుగా మారగానే పేరు వస్తుంది, దానితో శీర్షికా వస్తుంది. వార్త సముద్రంలోనే పుడుతోందన్నమాట.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు, ఇరవై నాలుగు గంటల చానళ్ళు దాన్ని రోజుల ముందునుంచే చూపించాయి. తీరం దాటాక నగరంలో కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. విశాఖ దృశ్యాలను హైదరాబాదు చూసింది, విశాఖ చూడలేకపోయింది. ఆ గంటల్లో బ్యాటరీ రేడియో విలువ ఏమిటో ఆలోచించండి. తెరపై గీసే తుపాను మార్గం కూడా చిక్కే. అది కేంద్రం కదలగల దారి మాత్రమే. గీతకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నవారు తమకేమీ కాదనుకునే అవకాశం ఉంది.

అభ్యాసం: ఇటీవలి తుపానుకు సంబంధించి ఒక దినపత్రిక వారం రోజుల సంచికలు సేకరించండి. తీరం దాటకముందు వచ్చిన వార్తల్లో, పాఠకుడు ఎక్కడికి వెళ్ళాలో, ఏం వెంట తీసుకోవాలో చెప్పిన వాక్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కించండి.