ప్యాకప్ చెప్పినా కదలని కణం!

- చావాల్సిన రక్తకణాన్ని బతికిస్తున్న హెచ్‌టీఎల్‌వీ-1
- మన రక్తనిధుల తప్పనిసరి పరీక్షల్లో దీనికి చోటు లేదు

కోడంబాక్కం: స్టూడియోల పేటగా పేరుబడ్డ కోడంబాక్కంలో 'ప్యాకప్' అంటే తెలియనివారుండరు. ఆ మాట వినబడితే లైట్లు ఆరిపోతాయి, సామాను సర్దేస్తారు. మన ఒంట్లోనూ అంతే. పాడైన కణానికి లోపలి నుంచే ప్యాకప్ అందుతుంది. అది తనంతట తానే చచ్చిపోతుంది. ఆ ఆజ్ఞను చెల్లకుండా చేసే వైరసే హెచ్‌టీఎల్‌వీ-1.

అన్నదమ్ముల్లా ఉన్నా...

హెచ్‌ఐవీలాగే ఇదీ రెట్రోవైరస్. రోగాలతో పోరాడే టీ-కణాల్లోనే మకాం వేస్తుంది. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సాల్మన్ బృందం గుర్తించిన హెచ్‌ఐవీ ఆ కణాలను చంపేస్తుంది. ఇది చావనివ్వదు. 1980లో అమెరికాలో రాబర్ట్ గాలో బృందం దీన్ని ప్రకటించింది. మనిషికి క్యాన్సర్ తెచ్చే రెట్రోవైరస్ దొరకడం అదే మొదలు.

కిటుకు ఇదీ

వైరస్ తయారుచేసే 'ట్యాక్స్' అనే ప్రోటీన్ కణంలోని ఎన్ఎఫ్-కప్పా-బి అనే మీటను నొక్కి పెడుతుంది. దాంతో కణాన్ని బతికించే బీసీఎల్-ఎక్స్ఎల్ వంటి ప్రోటీన్లు పెరుగుతాయి. కాపలాదారు పీ53 చేతులు కట్టేసినట్టవుతుంది. ట్యాక్స్‌ను రోగనిరోధక శక్తి ఇట్టే పసిగడుతుంది. అందుకే వైరస్ దాన్ని అణచిపెట్టి, 'హెచ్‌బీజడ్' అనే మరో ప్రోటీన్‌తో బండి లాగిస్తుంది. ఏళ్ల తరబడి తప్పులు పోగైన కణం చివరకు లుకేమియాగా మారుతుంది. కీమోథెరపీ మందులు చాలావరకు కణానికి చావు ఆజ్ఞ ఇచ్చేవే. ఆ ఆజ్ఞే పనిచేయకపోతే వైద్యం కష్టమే.

భయం వద్దు, పరీక్ష మాటేమిటి?

వైరస్ సోకిన నూరుమందిలో సుమారు అయిదుగురికే ఈ క్యాన్సర్ వస్తుంది. అదీ దశాబ్దాల తర్వాత. తల్లిపాలు, రక్తం, లైంగిక సంబంధాల ద్వారా సోకుతుంది. మన దేశంలో అరుదే అయినా దక్షిణాదిన కేసులు నమోదయ్యాయి.

జపాన్ 1986 నుంచే దాతల రక్తాన్ని దీనికోసం పరీక్షిస్తోంది. మన దగ్గర హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలే తప్పనిసరి. తెల్లకణాలను వడకట్టి రక్తం ఎక్కిస్తే ముప్పు బాగా తగ్గుతుంది. వైరస్ ఉన్నట్టు తేలిన తల్లులే బిడ్డకు పాలిచ్చే విషయంలో డాక్టరు సలహా తీసుకోవాలి. మిగతా తల్లులు పాలు మానక్కర్లేదు. రక్తదాతలూ వెనకాడక్కర్లేదు. రక్తం ఇస్తే ఈ వైరస్ అంటదు.