మీకు తెలుసా? నూటికి ఎనిమిది మనకే!

2023-24లో విదేశాల నుంచి ప్రవాసులు భారత్‌కు పంపిన ప్రతి వంద రూపాయల్లో ఎనిమిదికి పైగా తెలంగాణకే చేరాయి. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో మన వాటా మూడు శాతం లోపే!

● రిజర్వు బ్యాంకు సర్వేలో తెలంగాణది 8.1 శాతం. మహారాష్ట్ర, కేరళ, తమిళనాడుల తర్వాత నాలుగో స్థానం. ఆ ఏడాది దేశానికి వచ్చిన మొత్తం సొమ్ము 11,870 కోట్ల డాలర్లు.

● 2016-17లో దేశానికి అత్యధికంగా డబ్బు వచ్చింది యూఏఈ నుంచి. 2023-24లో 27.7 శాతంతో అమెరికాదే మొదటి స్థానం.

● పాత పాలమూరు జిల్లా కూలీలు దశాబ్దాలుగా ఇతర రాష్ట్రాలకు వలసపోయి ఆనకట్టలు, కాలువలు కట్టారు. వాళ్లు ఇంటికి పంపిన కూలి డబ్బు విదేశాల నుంచి వచ్చింది కాదు కాబట్టి ఈ లెక్కల్లోకి రాదు.