సౌరఫలకమునకు వెలుగు మేలు, వేడిమి కీడు

సూర్యాపేటకు పూర్వనామము భానుపురి. భానుడన్నను సూర్యుడే. పేరునకు తగినట్లుగనే వేసవిలో ఇచ్చట ఎండలు మెండు. మే మాసమున కొన్ని రోజులలో వేడిమి 45 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోవును. "ఇంత వేడిమి ఉన్నది కదా! మా డాబాపై సౌరఫలకము పెట్టినచో మే నెలలో విద్యుచ్ఛక్తి విశేషముగా రావలెను" అని విద్యార్థి అనుకొనుట సహజము. కాని ఈ ఊహలో ఒక పొరపాటు కలదు. సౌరఫలకము విద్యుత్తును పుట్టించునది ఎండలోని వెలుగుతోనే కాని వేడిమితో కాదు. పైపెచ్చు వేడిమి దాని పనికి అడ్డు వచ్చును. డాబాలపై నీళ్లు కాచు సౌరయంత్రము వేరు, ఈ ఫలకము వేరు.

వెలుగు వలన విద్యుత్తు పుట్టునని 1839లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకరెల్ కనుగొనెను. వెలుగు చిన్న చిన్న శక్తి పొట్లములుగా వచ్చునని 1905లో ఐన్‌స్టీన్ వివరించెను. ఈ పొట్లమునే ఫోటాను అందుము. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను ముగ్గురు సిలికాన్‌తో పనికివచ్చు సౌరఘటమును తయారుచేసిరి. అది తనపై పడిన వెలుగులో వందకు 6 పాళ్లు విద్యుత్తుగా మార్చెను. నేటి ఫలకములు సుమారు 20 పాళ్లు మార్చుచున్నవి.

ఈ మార్పు ఎట్లు జరుగును? ఇసుకలో ఉన్న సిలికాన్‌ను వేరుచేసి, శుద్ధిచేసి, స్ఫటికముగా పెంచి, పలుచని బిళ్లలుగా కోయుదురు. సిలికాన్ పరమాణువునకు వెలుపలి కక్ష్యలో 4 ఎలక్ట్రానులు ఉండును. అవి ఇరుగుపొరుగు పరమాణువులతో బంధింపబడి కదలజాలవు. బిళ్లలో ఒక పొరకు 5 వెలుపలి ఎలక్ట్రానులు గల భాస్వరమును, రెండవ పొరకు 3 మాత్రమే గల బోరాన్‌ను లేశమాత్రముగా కలుపుదురు. మొదటి పొరలో ఎలక్ట్రానులు మిగులును. రెండవ పొరలో కొరవడి రంధ్రములు ఏర్పడును. రెండు పొరలు కలియుచోట కొన్ని ఎలక్ట్రానులు దాటిపోయి రంధ్రములను పూడ్చును. అందువలన అచ్చట భాస్వరపు వైపు ధనావేశము, బోరాన్ వైపు ఋణావేశము నిలిచిపోవును. వాటి నడుమ ఒక విద్యుత్ క్షేత్రము ఏర్పడును.

దీనిని కాలువ వాలుతో పోల్చవచ్చును. సాగరు ఎడమ కాలువలో నీరు మిర్యాలగూడ, కోదాడ పొలములకు పారుటకు వాలే కారణము. ఘటములోని క్షేత్రము అట్టి వాలు వంటిది. ఫోటాను వచ్చి తాకగా బంధము విడిపోయి ఎలక్ట్రాను బయటపడును. వాలు దానిని ఒక వైపునకు నెట్టును. బయట తీగ కలిపినచో అది ప్రవాహముగా పారును. అదే విద్యుత్తు.

సిలికాన్‌లో బంధము విడిపోవుటకు సుమారు 1.1 ఎలక్ట్రాను ఓల్టుల శక్తి కావలెను. కంటికి కనిపించు వెలుగులోని ప్రతి ఫోటానుకును అంతకు మించిన శక్తి కలదు. ఆ మిగులు వేడిమిగా మారును. దూరపు పరారుణ కిరణములకు అంత శక్తి లేదు. కనుక అవి ఎన్ని పడినను ఎలక్ట్రానును విడిపింపజాలవు.

ఒక్కొక్క ఘటము ఇచ్చునది సుమారు అర ఓల్టు. అందుచే 60 లేక 72 ఘటములను వరుసగా కలిపి ఫలకము చేయుదురు. వచ్చునది ఏకముఖ విద్యుత్తు. దానిని ఇండ్లలో వాడు ఏకాంతర విద్యుత్తుగా ఇన్వర్టరు మార్చును.

ఇక వేడిమి మాట. నడిమధ్యాహ్నము చదరపు మీటరుపై పడు సుమారు 1000 వాట్ల ఎండలో 200 వాట్లు విద్యుత్తు కాగా, మిగిలినదానిలో చాల భాగము ఫలకమునే కాల్చును. వెలుపల 42 డిగ్రీలున్నపుడు ఫలకము 65 డిగ్రీలకు చేరవచ్చును. ఆ వేడిమికి వెలుగుతో పని లేకయే ఎలక్ట్రానులు తమంత తాము బంధములు విడిపించుకొనుట హెచ్చును. అవి మరల రంధ్రములలో పడుటయు హెచ్చును. వాలు తగ్గిన కాలువవలె ఘటపు ఓల్టేజి పడిపోవును. ఫలకముపై వ్రాసిన వాట్లు 25 డిగ్రీల వద్ద కొలిచినవి. ఆపై ప్రతి డిగ్రీకి వందకు సుమారు 0.4 పాలు తగ్గునని లెక్కించినచో, 65 డిగ్రీల వద్ద 16 పాళ్లు తగ్గును. 400 వాట్ల ఫలకము 336 వాట్లే ఇచ్చును.

ఈ సూత్రమునకు పెద్ద ఉదాహరణము రామగుండము. అచ్చటి ఎన్.టి.పి.సి. జలాశయముపై సుమారు 500 ఎకరములలో తేలియాడు 100 మెగావాట్ల సౌరకేంద్రము 2022 జూలై 1 నుండి పూర్తిగా పనిచేయ నారంభించెను. ఇందు 40 భాగములు. ఒక్కొక్క భాగమున 11,200 ఫలకములు. నీటి చెంత చల్లదనము వలన ఫలకములు తక్కువ కాగును. నీడ వలన నీరు ఆవిరియగుటయు తగ్గును.

అందరి డాబాపై జలాశయము ఉండదు. కాని ఫలకమును కప్పునకు అంటించక, అడుగున గాలి ఆడునట్లు ఎత్తున నిలుపవచ్చును. సూర్యాపేట సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నది. కనుక దక్షిణమునకు అంతే వాలుగా నిలుపుట మేలు. దుమ్మును ఉదయము చల్లని వేళ కడుగవలెను.

పాఠశాలలో ఈ ప్రయోగము చేయవచ్చును. 6 ఓల్టుల చిన్న సౌరఫలకమును నీడలో చల్లార్చి, మధ్యాహ్నము ఎండలో పెట్టి, వెంటనే ఓల్టుమీటరు చూడుడు. కదపక ప్రతి రెండు నిమిషములకు అంకె వ్రాయుడు. ఎండ అంతే ఉన్నను అంకె మెల్లగా దిగును. అప్పుడు ఫలకము వెనుక తడిగుడ్డ అద్దుడు; అంకె మరల ఎక్కును. వెలుగు ఏది, వేడిమి ఏది అన్నది విద్యార్థులు తమ కంటితోనే తేల్చుకొందురు.