పాత కారులలో ప్రొపెల్లరు షాఫ్టు కంపనము: నిదానము, నివారణము

బళ్ళారి, సండూరు, హొసపేట బాటలపై ఇనుప ఖనిజపు ఎర్రధూళి కొత్త మాట కాదు. ఆ ధూళి వాహనముల కీళ్ళలో దూరి గ్రీజును ఆకురాయివలె మార్చును. 2014లో ఉత్తరపాడాలో అంబాసిడర్ల నిర్మాణము నిలిచినది. మిగిలిన బండ్లను కాపాడుకొనవలె నన్నచో రోగనిదానము తెలిసియుండుట అవసరము.

ఇట్టి కారులలో ఇంజను ముందును, నడుపు చక్రములు వెనుకను ఉండును. గేరుబాక్సు నుండి వెనుక ఇరుసునకు శక్తిని మోయు ఉక్కు గొట్టమే ప్రొపెల్లరు షాఫ్టు. దాని రెండు కొనలయందును మన పనివారు క్రాసు అని పిలుచు కీలు గలదు. దాని నాలుగు కొమ్ములపై సూది బేరింగుల టోపీలుండును.

కంపనము పుట్టినంతనే క్రాసు మార్చుట తొందరపాటు. చదునైన నిర్జనమార్గమున, కంపించు వేగమునందే క్షణకాలము న్యూట్రల్ చేసి చూడవలెను. కంపనము పూర్తిగా ఆగినచో మొదట ఇంజను వైపు వెదకుట మేలు. ఆగనిచో దోషము షాఫ్టునందో చక్రములయందో యుండును. ఈ రెంటిని వేరుపరచుట సులభము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున చక్రము సెకనుకు సుమారు 11 మారులు తిరుగగా, షాఫ్టు సుమారు 50 మారులు తిరుగును. కనుక చక్రదోషము ఊపువలెను, షాఫ్టుదోషము తుమ్మెదరొదవలెను తోచును.

పిమ్మట ముందుచక్రములకు అడ్డులు పెట్టి, వెనుక ఇరుసును దృఢమైన స్టాండ్లపై నిలుపవలెను. కేవలము జాకీని నమ్మి బండిక్రింద దూరరాదు. కీలుకు ఇరువైపులా పట్టి ఎదురెదురుగా త్రిప్పినపుడు సందు తగిలినను, టోపీలవద్ద తుప్పుపొడి కనబడినను, బండి కదలునపుడు 'టక్కు' మని మ్రోగినను క్రాసు అరిగినదని గ్రహింపవలెను. గొట్టమునకు సొట్టపడెనా, అతికిన తూకపుబిళ్ళ ఊడెనా, బురద గట్టిపడెనా అనియు చూడవలెను. ఇంజనుక్రింది రబ్బరుదిమ్మెలు క్రుంగినను, కమాను పట్టీలు వంగినను కీళ్ళ కోణము మారి కంపనము కలుగును.

ఏటవాలుగా తిరుగు కీలు ప్రతి చుట్టునందును రెండుమారులు వేగమును హెచ్చించి తగ్గించును. రెండవ కీలు ఆ లోపమును సరిచేయును. అందుకు రెండు కోణములును సమానముగా నుండి, షాఫ్టు రెండు కొనల కవలలు ఒకే తలమునందుండవలెను. అందుచే విప్పకముందే రంగుతో గుర్తులు పెట్టి, మరల అట్లే బిగింపవలెను. జీపువంటి బండ్ల జారుడు పండ్లపై గల బాణపుగుర్తులు దీనికే.

తూకపు దోషమును చిన్నదిగా నెంచరాదు. నడిమి నుండి 4 సెంటీమీటర్ల దూరమున 10 గ్రాముల హెచ్చుబరువున్నచో, పై వేగమున అది సుమారు 4 కిలోల బలముతో లాగును. వేగము సగమైనచో ఒక కిలోయే. సొట్టపడిన గొట్టమును సుత్తితో సరిదిద్దక, తూకపు యంత్రమున్న కార్ఖానాకు పంపుట ఉత్తమము.

ఉపేక్షించినచో ముందుకీలు విరిగి షాఫ్టు నేలకూలును; అది ప్రాణాపాయము. మన కార్ఖానాలలో తెలుగు, కన్నడము, ఉర్దూ కలిసిన పలుకులతో ఈ విద్య నోటినుండి నోటికి సాగుచున్నది. మన బాలురు దీనిని చేతితో నేర్చుటతోపాటు, కారణమెరిగి తెలుగున వ్రాసికొన నేర్చినచో, ఈ విద్య వారితో నిలుచును, బండియెక్కినవారు క్షేమముగా ఇల్లు చేరుదురు.