కంకుభట్టు కొలువు

“ఓర్చినమ్మకు తేటనీరు” అని మన పల్లెలలో ఒక సామెత కలదు. వేసవిలో ఏటి యిసుకయందు చెలమ త్రవ్వి కడవలు ముంచుకొను స్త్రీల నోట పుట్టిన మాట కాబోలు. చెలమలో మొదట ఊఱునది బురదనీరు. తొందరపడి ముంచినచో కడవలోనికి ఒండ్రు వచ్చును. ఒక్కింత సేపు కూర్చున్నచో నీరు తేటపడును. నలుగురితో కలసి పని చేయువారందఱకును ఈ సామెత అక్కఱకు వచ్చును. పాఠశాలయందైనను, కచేరీయందైనను మనలను అలయించునది పనికంటె తోడి మనుష్యులే యని యెఱుగని ఉద్యోగి యుండడు.

ఈ విషయము తలపునకు వచ్చినప్పుడెల్ల నాకు విరాటపర్వము గుర్తునకు వచ్చును. భారతమున రాజుల కథలు, ఋషుల కథలు పెక్కు కలవు. కొలువుసేయువారి కథ యన్నచో ముందుగా చెప్పవలసినది ఇదియే. పండ్రెండేండ్ల అరణ్యవాసము ముగిసిన పిమ్మట, ఒక యేడు అజ్ఞాతవాసము గడపుటకై, రాజ్యమేలినవారు మత్స్యదేశాధీశుని వాకిట జీతగాండ్రై నిలిచిరి. ధర్మరాజు కంకుభట్టను పేర రాజునకు జూదమున తోడయ్యెను. భీముడు వలలుడై వంటయింట చేరెను. అర్జునుడు బృహన్నలయై రాకుమారి ఉత్తరకు నాట్యము నేర్పెను. నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు ఆవులను కాచిరి. ద్రౌపది సుదేష్ణకు సైరంధ్రి యయ్యెను. బయలుదేరుటకు ముందు ధౌమ్యుడు వారికి కొలువుసేయు విధమును బోధించెను: తనకు తగిన చోటనే కూర్చుండవలెను, అడుగనిదే సలహా చెప్పరాదు, ఏలిక యింటి మాట వెలిపుచ్చరాదు. ఈ పర్వమును తెనిగించిన తిక్కన సోమయాజి 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రిగా నుండినవాడు. కొలువులోని కష్టసుఖములు ఆయనకు పుస్తకములు చదివి తెలిసికొనవలసినవి కావు.

అజ్ఞాతవాసపు గడువు తీరిన తరుణమున జరిగిన కథ యొకటి చూడుడు. కౌరవులు పట్టిన గోవులను ఉత్తరుడు మరల్చెనని వార్త వచ్చెను. విరాటుడు పట్టరాని సంతోషముతో కంకుభట్టును పిలిచి జూదమునకు కూర్చుండెను. రాజు కుమారుని పొగడుచుండగా, బృహన్నల సారథియై యుండ గెలుపునకు కొదువ యేమని కంకుభట్టు పలుమాఱు అనెను. తన బిడ్డకు నాట్యము నేర్పు పేడి సాటియా యని రాజు మండిపడి, చేతిలోని పాచికలతో అతని మొగమున కొట్టెను. ముక్కునుండి నెత్తురు కారెను. ధర్మరాజు దానిని దోసిట పట్టెను. ద్రౌపది చెంతకు వచ్చి, ఒక్క బొట్టైనను నేల రాలనీయలేదు.

అంతలో ఉత్తరుడును బృహన్నలయు వాకిటికి వచ్చిరి. అప్పుడు ధర్మరాజు చేసిన పనిని వ్యాసుడు మఱవక చెప్పెను. ఉత్తరుని మాత్రమే లోనికి పంపుమనియు, బృహన్నలను రానీయవలదనియు ఆయన ద్వారపాలకుని చెవిలో చెప్పెను. యుద్ధమున గాక వేఱొకచోట అన్న నెత్తురు చూచినచో, అర్జునుడు ఆ కారకుని బ్రతుకనీయడని ఆయనకు తెలియును. దెబ్బ తిన్నవాడు కొట్టినవాని ప్రాణమునకు కావలి కాచెను!

పాతికేండ్లుగా ఈ ఘట్టమును తరగతిలో చెప్పుచున్నాను. దాని యర్థము నాకు తెలిసినది మాత్రము తరగతిలో కాదు.

నేను ఉద్యోగమున క్రొత్తగా చేరిన దినములలో, మా కళాశాల కార్యాలయమున పెద్ద వయసు గుమాస్తా యొకరు ఉండెడివారు. ఒకమాఱు పరీక్షా ఫలితముల పట్టికలో ఇద్దఱు విద్యార్థుల మార్కులు తాఱుమాఱైనవి. తప్పినట్లు తేలిన కుఱ్ఱవాడు కన్నీళ్లతో నాకడకు వచ్చెను. నేను వానిని, వాని స్నేహితులను వెంటబెట్టుకొని కార్యాలయమునకు పోయి, వారందఱి యెదుటనే, “కళ్లు కనబడకపోతే ఇంట్లో కూర్చోవచ్చు గదా!” అని అఱచితిని. ఆయన తల యెత్తలేదు. “చూసి సరిచేస్తాను మాస్టారూ, మీరు వెళ్లండి” అని మాత్రము అనిరి.

ఆ సాయంకాలము అందఱును వెళ్లిన పిదప ఆయన నా గదికి వచ్చి, బల్లపై ఒక కాగితము పెట్టిరి. అది నేను పంపిన మార్కుల చీటి. వ్రాత నాదే, రెండు సంఖ్యలు తాఱుమాఱు చేసినదియు నేనే. నేను కేకలు వేయునప్పుడు అది ఆయన సొరుగులోనే యున్నది.

“అప్పుడే చూపించలేదేమండీ?” అని అడిగితిని.

“పిల్లలున్నారు గదా మాస్టారూ! రేపు వాళ్లకు పాఠం చెప్పవలసింది మీరు.”

అక్కడనే క్షమాపణ చెప్పుకొంటిని. ఆయన నవ్వి వెళ్లిపోయిరి. కాని నేను నిందించినది పదిమంది యెదుట. క్షమ వేడినది నాలుగు గోడల నడుమ. మఱునాడు ఆ పిల్లలను పిలిచి తప్పు నాదని చెప్పవలసినది, చెప్పలేదు. ఆ యేడే ఆయన పదవీ విరమణ చేసిరి. ఆ బాకీ నేటికిని తీఱలేదు.

ఐనను ఓర్పంతయు ఒక్కతీరు కాదు. అదే విరాటుని సభలో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు, గుట్టు బయటపడునని ధర్మరాజు భీముని వారించి, ఆమెను లోనికి పొమ్మనెను. ఆమె ఆ మాటతో ఊరకుండలేదు. రాత్రి వంటయింటికి పోయి భీముని మేల్కొలిపెను. ఎల్లప్పుడు కాఠిన్యమును మేలు కాదు, ఎల్లప్పుడు క్షమయు మేలు కాదని ప్రహ్లాదుడు బలికి చెప్పిన నీతిని, వ్యాసభారత అరణ్యపర్వమున ధర్మరాజునకు గుర్తు చేసినదియు ఆమెయే. అక్కడ ధర్మరాజు ఓర్పు తగునా యని విద్యార్థులు ఏటేట నన్ను అడుగుదురు. నాకు తోచినంతలో ఇట్లు చెప్పుదును: తన ముక్కున కారిన నెత్తుటిని ఓర్చుటకు ఆయనకు అధికారము కలదు, ఇంకొకరి అవమానమును వారిచేత ఓర్పించుటకు ఎవరికిని సులభముగా అధికారము రాదు.

ఉపాధ్యాయ మిత్రులారా! తోడివాడు విసుగుతో అన్న మాటను, పై యధికారి తొందరపాటును మనము ఓర్తము. కాని మన యెదుట ఒక పసివానికో, చిన్న జీతగానికో అవమానము జరుగుచుండగా మిన్నకుండి, దానికి ఓర్పని పేరు పెట్టుకొనవలదు. ఆనాడు ఆ కార్యాలయమున నా వెంటనున్న పిల్లలలో ఒక్కడైనను, “ముందు చీటి చూడండి మాస్టారూ” అని యుండినచో నేను బ్రతికిపోయియుందును.

ఆ చీటి నా విరాటపర్వపు పుటల నడుమ ఇప్పటికిని భద్రముగా నున్నది. కంకుభట్టు కథ వచ్చినప్పుడెల్ల, పాఠము మొదలిడుటకు ముందు దానిని ఒకమాఱు విప్పి చూచుకొందును.