మీకు తెలుసా? వేగమే విఘ్నమైన విండోస్ 95

1995 ఆగస్టు 24న విడుదలయిన విండోస్ 95ను నేటి కంప్యూటరుపై నేరుగా నడపబూనినచో, దానికి మొదట అడ్డుతగులునది యంత్రముయొక్క దౌర్బల్యము గాక, వేగాతిశయమే!

అందలి నెట్‌వర్కు డ్రైవరు, కాలమానమును సరిచూచుకొనుటకై, యొక చిన్న లూపును నిర్ణీత పర్యాయములు త్రిప్పి, దానికి పట్టిన కాలముతో భాగహారము చేయును. ప్రాసెసరు వేగము 2.1 గిగాహెర్ట్‌జులను మించినచో నా కాలము సున్నగా లెక్కకువచ్చి, సున్నతో భాగించుట యసాధ్యము గనుక, తెర తెరుచుకొనకమునుపే "విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్" ప్రత్యక్షమగును.

512 మెగాబైట్లకు మించిన ర్యామ్ సైతము విండోస్ 95కు భారమే: డిస్కు క్యాషే, ర్యామ్‌ను బట్టి తన పరిమాణమును పెంచుకొని, వ్యవస్థకు వలసిన చిరునామాలను తానే యాక్రమించుకొనును. సిస్టమ్.ఐఎన్‌ఐ ఫైలులోని వీక్యాష్ విభాగమున "మ్యాక్స్‌ఫైల్‌క్యాష్" అను నొక్క పంక్తిని చేర్చి, ఆ క్యాష్‌కు హద్దు విధించుట యిందుకు ప్రసిద్ధమైన చికిత్స.

ఇక విండోస్ 95కు ముందటి ఆపరేటింగ్ సిస్టమైన డాస్ సంగతి: అది పదేపదే బయోస్ సేవలనే యర్థించును గావున, బయోస్‌ను విడిచి కేవలము యూఈఎఫ్‌ఐనే యాశ్రయించిన నేటి మదర్‌బోర్డులపై నేరుగా మేల్కొనజాలదు. పాత ఆటలను, ప్రోగ్రాములను నడపగోరువారు, ప్రాసెసరు వేగమును గూడ కోరినంతకు తగ్గించుకొన వీలిచ్చు డాస్‌బాక్స్ వంటి ఎమ్యులేటరును ఆశ్రయించుటయే సులభమార్గము.